సంఘ రిజిస్టరును తిరిగి తెచ్చుకొనుట



మన సంఘములలో చాలా వాటికి ఇప్పుడు కంప్యూటరు ఉన్నది. సభ్యుల పట్టిక, బాప్తిస్మముల వివరము, వివాహములు, సమాధి కార్యక్రమములు, చందాల లెక్క, సహాయనిధి అప్పులు అన్నీ దానిలోనే ఉంటున్నవి. దాని హార్డ్ డిస్కు చెడిపోతే ఏమి చేయవలెనని యౌవనస్థులను అడిగితే రెండు మాటలలో చెప్పివేస్తారు: కొత్త డిస్కు వేయాలి, బ్యాకప్ నుండి మళ్ళీ ఎక్కించాలి. దుకాణపు లెక్కలకైతే అంతటితో పని అయిపోతుంది. సంఘ రిజిస్టరు విషయంలో మాత్రం ఇంకొక ప్రశ్న మిగిలి ఉంటుంది. తిరిగి వచ్చిన ఆ లెక్క ఏనాటిది? ఆనాటి తరువాత సంఘము క్షమించిన వారి సంగతి, పాతిపెట్టిన వారి సంగతి, అప్పు తీర్చిన వారి సంగతి ఆ డిస్కుకు తెలియదు గదా. తెలియని దాని మాట మీద మనము మనుష్యులతో ఎట్లు వ్యవహరించవలెను? దీనిని గురించి నాకు తోచినది వ్రాస్తున్నాను.

ముందు యంత్రము సంగతి. హార్డ్ డిస్కు లోపల అద్దము వలె నున్నని పళ్ళెములు ఉంటవి. వాటిపై అయస్కాంత శక్తి గల పూత ఉంటుంది. అవి నిమిషానికి 5,400 సార్లు గాని 7,200 సార్లు గాని తిరుగుతూ ఉంటే, చదివే ముల్లు వాటికి తగలకుండా కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతూ ఉంటుంది. మన తల వెంట్రుక మందము అటువంటి నానోమీటర్లు పదుల వేలు. ఇంత సన్నని ఎడము మీద మన సంఘ చరిత్ర అంతా నిలిచి ఉన్నదన్న మాట! 1956లో ఐ.బి.ఎం. వారు మొదటి డిస్కు యంత్రమును తెచ్చినప్పుడు దానిలో రెండడుగుల వెడల్పు గల పళ్ళెములు 50 ఉండేవి. అంత పెద్ద యంత్రములో పట్టినవి సుమారు 50 లక్షల అక్షరములే. ఇప్పుడు అరచేతిలో పట్టే డిస్కులో ఈ పట్టణములోని తెలుగు సంఘములన్నిటి రిజిస్టర్లు పెట్టినా సందు మిగులుతుంది. సందు ఎంత పెరిగినా పడిపోయే గుణము మాత్రం పోలేదు. కుదుపు తగిలినా, కరెంటు హఠాత్తుగా పోయి వచ్చినా, ఏండ్లు గడిచినా ముల్లు పళ్ళెమునకు తగిలి గీత పడుతుంది. అప్పుడు టక్ టక్ మని చప్పుడు వస్తుంది. ఫైలు తెరవడానికి నిమిషములు పడుతుంది. ఒక్కొక్కసారి ఏ చప్పుడూ లేకుండానే పోతుంది. ఈ మధ్య వచ్చిన ఎస్.ఎస్.డి. అనే కొత్త రకములో తిరిగే భాగములు లేవు కనుక అవి ఎక్కువగా చెప్పకుండానే పోతవి.

చప్పుడు వినబడగానే మెషీను ఆపివేయవలెను. మళ్ళీ మళ్ళీ పెట్టి చూడకూడదు, బాగుచేసే ప్రోగ్రాములు దానిపై నడపకూడదు. తెలిసిన వానిచేత మొదట ఆ డిస్కు మొత్తమును ఇంకొక డిస్కు మీదికి ఉన్నదున్నట్లు నకలు తీయించి, ఆ తరువాత నకలు మీదనే వెదకులాట అంతా చేయించవలెను. కామాఠీపుర గల్లీల నుండి లామింగ్టన్ రోడ్డుకు నడిచి పోవచ్చును. అక్కడి దుకాణములలో ఏండ్ల తరబడి ఈ పనే చేస్తున్న వారు ఎవరైనా ఇదే మాట చెబుతారు. బ్యాకప్ ఉన్నవారికి ఈ తిప్పలు తక్కువ. అయితే బ్యాకప్ డిస్కును కంప్యూటరు పక్కనే అదే బీరువాలో పెట్టేవారు మనలో ఉన్నారు. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క దినములో 944 మిల్లీమీటర్ల వాన కురిసినది మనకు జ్ఞాపకమే. దాదర్ హిందమాతా దగ్గరైతే అంత వాన అవసరమే లేదు, ఏటేటా మోకాలి లోతు నీళ్ళు చూస్తూనే ఉన్నాము. ఒక బీరువాలోని రెండు డిస్కులు ఒకే నీటిలో మునుగుతవి. ఒకటి కోశాధికారి ఇంట, ఒకటి కాపరి ఇంట ఉంచుకొంటే మంచిది. ఏడాదికి ఒకసారైనా తెరిచి చూడవలెను.

తెరిచి చూడుమనడానికి కారణమున్నది. 1990లలోను ఆ తరువాతి పదేండ్లలోను మన కరపత్రములు, పాటల పుస్తకములు, స్మారక సంచికలు పేజీమేకర్‌లో అను ఫాంట్లతో కంపోజు చేయించేవారము. యూనికోడ్‌లో తెలుగునకు 1991లోనే చోటిచ్చినా, 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చేవరకు సామాన్యుని కంప్యూటరులో దాని వాడుక లేదు. ఆ కాలపు సీడీలను ఇప్పుడు తెరిస్తే ఫైలు ఉంటుంది, అక్షరములన్నీ ఉంటవి, కాని ఆ ఫాంటు లేనిచోట అవి ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు కలగాపులగముగా కనిపిస్తవి. బెల్షస్సరు గోడ మీది వ్రాత వలె, ఉన్నది గాని చదివేవాడు లేడు. చదువలేని బ్యాకప్ ఉన్నదని నిశ్చింతగా ఉండుట కంటె, లేదని తెలిసి జాగ్రత్తపడుట మేలు.

ఇక అసలు విషయమునకు వస్తాను. నాయ్‌గావ్ వైపున్న ఒక చిన్న సంఘములో జరిగిన సంగతి ఇది. సంఘము పేరు చెప్పవలసిన పని లేదు. వానాకాలము ముగిసే రోజులలో అక్కడి కంప్యూటరు డిస్కు పోయినది. బ్యాకప్ ఉన్నది గాని అది పదునాలుగు నెలల కిందటిది. సంఘములోని ఒక కుర్రవాడు కొత్త డిస్కు తెచ్చి వేసి, శనివారము సాయంత్రమునకు అంతా ఎక్కించి ఇచ్చాడు. అందరూ దేవునికి స్తోత్రము చెల్లించారు. ఆ మరుసటి ఆదివారము సాధారణ సభ. ఓటు హక్కు గల సభ్యుల పట్టిక ఆ కంప్యూటరు నుండే తీసి గోడకు అంటించారు.

పట్టికలో శివడీ సమాధుల తోటలో పాతిపెట్టబడిన ఒక పెద్దాయన పేరు బ్రతికి ఉన్న వారిలో ఉన్నది. ఆయన భార్య అది చదివి ఏమీ అనలేదు. సహాయనిధి లెక్కలో ఒక సహోదరి పేరున 8,000 రూపాయలు బాకీ అని వచ్చినది. ఆమె ఇండ్లలో పనిచేసి నెలనెలా కొంచెము కొంచెముగా ఎప్పుడో తీర్చివేసినది. రసీదు పుస్తకములో కార్బను నకళ్ళు ఉన్నవి కనుక ఆ సంగతి పది నిమిషములలో తేలిపోయినది. (కార్బను కాగితమును ఎగతాళి చేసే యౌవనస్థులు ఇది గమనించవలెను.)

మూడవది అంత తేలికగా తేలలేదు. ఒక సహోదరుడు తాగుడు మూలముగాను, ఖోలీ పగిడి డబ్బు విషయమై అన్నతో పోట్లాట మూలముగాను మూడేండ్లు క్రమశిక్షణలో ఉన్నాడు. ఆ తరువాత మారుమనస్సు కనుపరచి, అన్నతో సమాధానపడి, సంఘమంతటి ఎదుట ఒప్పుకొన్నాడు. సంఘము లేచి ఆయనకు సహవాసపు కుడిచేయి ఇచ్చినది. ఇది జరిగి పదకొండు నెలలు. బ్యాకప్‌కు పదునాలుగు నెలలు. కనుక గోడ మీది పట్టికలో ఆయన పేరు పక్కన ‘క్రమశిక్షణలో’ అని ఉన్నది. పొరపాటని అందరికీ తెలుసు. అయినా కార్యదర్శిగారు, ఆయన కూడ మంచి మనిషే, రికార్డు రికార్డేనన్నారు. తిరిగి చేర్చుకొన్న తీర్మానము మినిట్స్‌లో ఉన్నది, ఆ మినిట్స్ పోయిన డిస్కులోనే పోయినది, రుజువు లేకుండా ఓటు ఇస్తే రేపు ఇంకొకరు అడుగుతారు అన్నారు. ఆ సహోదరుడు కాపరి దగ్గరకు వచ్చి ఒక్క మాట అడిగాడట: “అయ్యగారూ, నేను మళ్ళీ మొదటి నుండి ఒప్పుకోవాలా?”

ఆ మాట విన్న పెద్దలు కొందరు చుట్టుపక్కల సంఘముల వారిని సలహా అడిగారు. అట్లు అడిగిన వారిలో నేనొకడిని. ఆ మాట ఇప్పటికీ నాకు వినబడుతూనే ఉన్నది.

ఉపాధ్యాయ శిక్షణలో మాకు రెండు రకముల వ్రాత నేర్పేవారు. ఒకటి పలక మీద వ్రాత. పిల్లవాడు తప్పు వ్రాస్తే తుడిచివేసి మళ్ళీ వ్రాస్తాడు. తప్పు ఉన్నదన్న గుర్తు కూడా ఉండదు. రెండవది హాజరు పట్టీ. దానిలో చెరపకూడదు, గోకకూడదు, తెల్లరంగు పూయకూడదు. తప్పు పడితే ఎర్రసిరాతో ఒక్క గీత గీసి, పైన సరియైనది వ్రాసి, పొట్టి సంతకము చేయవలెను. పాతది కనిపిస్తూనే ఉండాలి, కొత్తది దాని పక్కనే ఉండాలి. ఇన్స్పెక్టరు వచ్చినప్పుడు రెండూ చూస్తాడు.

సంఘము తన సభ్యుని తప్పును ఏ వ్రాతలో వ్రాయవలెను? పలక మీద వ్రాసి తుడిచివేయవలెనని కొందరి మాట. దేవుడు మన పాపములను ఇక జ్ఞాపకము చేసికొననన్నాడు గదా, యిర్మీయా 31వ అధ్యాయములోను హెబ్రీ పత్రిక 8వ అధ్యాయములోను ఉన్నది గదా అంటారు. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయములో మన మీద ఉన్న పత్రము తుడిచివేయబడినదని పౌలు వ్రాసినప్పుడు, నాటి పాఠకులకు తడి గుడ్డతో తుడిస్తే పోయే మసి సిరా కళ్ళకు కట్టి ఉంటుంది. ఇది బలమైన మాటే. అయినా ఆ దేవుని గ్రంథములోనే పేతురు ప్రభువును ఎరుగనన్న సంగతి నాలుగు సువార్తలలోను ఉన్నది. దావీదు చేసిన పాపము యాభై ఒకటవ కీర్తన శీర్షికలోనే నిలిచి ఉన్నది. ఎవరూ వాటిని తుడువలేదు. దేవుడు జ్ఞాపకము చేసికొననన్నప్పుడు సంగతి మరచిపోతానని గాక, దానిని లెక్కలోనికి తేను అని అర్థమని నేను అనుకొంటాను. పేతురు ఎరుగననుట చదివిన వాడు, నా గొఱ్ఱెలను మేపుమని ప్రభువు అతనికి అప్పగించుట కూడా చదువుతాడు. పుస్తకములో రెండూ ఉన్నవి.

కనుక నా ఉద్దేశములో సంఘపు వ్రాత హాజరు పట్టీ వంటిది కావలెను. నాయ్‌గావ్‌లో జరిగిన అన్యాయమంతా ఎక్కడ ఉన్నదంటే, ఎర్రసిరా గీత పోయి పాత అక్షరము ఒక్కటే తిరిగి వచ్చుటలో ఉన్నది. పేతురు సంగతి ఎరుగననుట దగ్గరనే ఆగిపోయిన సువార్త వంటిది అది. పదునాలుగు నెలల కిందటి దినమును గురించి బ్యాకప్ చెప్పినది నిజమే. దానిని ఈనాటి మాటగా గోడకు అంటించినవారి మీద తొమ్మిదవ ఆజ్ఞ భారము పడుతుంది. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యము పలుకుటకు నోటితో పలుకవలసిన పని లేదు, కాగితము అంటించినా చాలును.

కార్యదర్శిగారి మాటకు కూడ న్యాయమైన జవాబు చెప్పవలెను. రుజువు లేకుండా సంఘము నడువలేదు, అది నిజము. అయితే రుజువంటే కాగితమేనా? రాజుల రెండవ గ్రంథము 22వ అధ్యాయములో యోషీయా ఏలుబడి పదునెనిమిదవ సంవత్సరములో మందిరము బాగుచేయుచుండగా హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథము దొరికినది. ఇంతకంటె గొప్ప రికార్డు తిరిగి వచ్చిన సంఘటన ఎక్కడ ఉన్నది? షాఫాను దానిని రాజునకు చదివి వినిపించాడు. రాజు బట్టలు చింపుకొన్నాడు గాని అంతటితో ఆగలేదు. యెహోవాయొద్ద విచారించుడని మనుష్యులను పంపాడు. వారు హుల్దా అను ప్రవక్త్రియొద్దకు వెళ్ళారు. దొరికిన గ్రంథమును బ్రతికి ఉన్న ఒక మనిషి ఎదుటకు తీసికొనిపోయారన్న మాట. నాయ్‌గావ్‌లోనైతే హుల్దా వంటి వారు నలుబది మంది ఉన్నారు. ఆ సహోదరునికి తమ కుడిచేయి ఇచ్చిన వారు వారే.

చివరకు అక్కడ చేసినది ఇది. పట్టికను గోడ నుండి తీసివేశారు. తరువాతి ఆదివారము ఆరాధన అయిన తరువాత సభ్యుల పేర్లు మాత్రమే బిగ్గరగా చదివారు. ఉన్నవారు ‘ఉన్నాను’ అన్నారు, నిద్రించిన వారి పేరు వచ్చినప్పుడు వారి ఇంటివారు చెప్పారు. క్రమశిక్షణ గడి అసలు చదువలేదు. దానిని బహిరంగముగా చదువకూడదని గట్టిగా చెప్పినవారిలో నేను ఒకడిని. సరిచేయుట పేరున మళ్ళీ ఒకసారి అవమానపరచినట్లు అవుతుంది. ఆ గడిలో పేరున్న ప్రతివారికి ఇద్దరు సాక్షులను కాపరి తన గదిలో అడిగి, చేర్చుకొన్న తేదీ వ్రాయించి సంతకములు తీసుకొన్నారు. ఆ సహోదరుని విషయమునకు ఇద్దరు కావలసియుండగా తొమ్మిదిమంది వచ్చారు. వారిలో ఆయన అన్న ఒకడు.

యిర్మీయా గ్రంథము 36వ అధ్యాయము చదివినప్పుడెల్లా ఈ పని జ్ఞాపకము వస్తుంది. యెహోయాకీము రాజు చలికాలపు నగరులో కుంపటి ముందు కూర్చుండి, యెహూది మూడు నాలుగు పుటలు చదివినప్పుడెల్లా గ్రంథమును చాకుతో కోసి కుంపటిలో వేశాడు. అప్పుడు యిర్మీయా నోట పలుకగా బారూకు ఇంకొక గ్రంథము వ్రాశాడు. దానిలో కాలిపోయిన మాటలన్నీ ఉన్నవి, వాటితోపాటు అటువంటి మాటలు ఇంకా అనేకము చేరినవి. ఉన్నదున్నట్లు తిరిగి రాలేదు, ఎక్కువై వచ్చినది. కంప్యూటరు వారి భాషలో తిరిగి తెచ్చుకొనుట అంటే పాతదానికి అక్షరము తేడా రాకూడదు. బారూకు పని అట్లు కాలేదు. కాల్చిన సంగతి కూడా ఆ చరిత్రలో భాగమైపోయినది.

మన బాప్తిస్టులకు ఇటువంటి సంగతి ఇంకొకటి దగ్గరలోనే ఉన్నది. 1812 మార్చి 11 సాయంత్రము శ్రీరాంపూరు ముద్రణాలయము తగులబడినది. విలియం కేరీగారు ఏండ్ల తరబడి వ్రాసినవి ఎన్నో కాలిపోయినవి. మన తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతి మొత్తము పోయినది. సంస్కృతమునకు దాని సంబంధ భాషలకు కలిపి తయారుచేస్తున్న మహా నిఘంటువు కూడా పోయినది. బ్యాకప్ అనదగినది ఏమైనా మిగిలినదంటే, బూడిదలో దొరికిన ఉక్కు అచ్చుపోతలు, వాటి మూసలు. అక్షరములు కరిగి సీసపు ముద్దలైపోయినా, మూసలు చెడలేదు గనుక ఆ కరిగిన లోహముతోనే మళ్ళీ అక్షరములు పోతపోశారు. ఇంగ్లండులోని సంఘములు రెండు నెలలలోనే పదివేల పౌనులు పోగుచేశాయి. తెలుగు వ్యాకరణమును కేరీగారు మళ్ళీ వ్రాయగా 1814లో అచ్చయినది. శ్రీరాంపూరు తెలుగు క్రొత్త నిబంధన 1818లో వచ్చినది. నిఘంటువు మాత్రం ఎన్నడును వెలుగు చూడలేదు. ఆయన తలలో నిలిచినది తిరిగి వచ్చినది, నిలువనిది పోయినది.

ఇక్కడ ఒక అనుమానము రావచ్చును. సాక్షులే మేలైతే రిజిస్టరు ఎందుకు, బ్యాకప్ ఎందుకు అని. సాక్షులు కూడా పోతారు, అందుకు. పల్లెలో ఫలానావాడు ఫలానావాని కొడుకని ఊరంతటికీ తెలుసు. రాతిపనికి, మట్టిపనికి వచ్చిన కామాఠీల పేరే కామాఠీపురకు వచ్చినది. ఆ తరువాత మిల్లులకు మన నల్లగొండ, కరీంనగరు జనము వచ్చారు. వారికి ఇక్కడ ఊరు లేదు, చాలు ఉన్నది, సంఘము ఉన్నది. ఇప్పుడు ఆ చాలులు కూడా పడగొడుతున్నారు. బీడీడీ చాలులలో ఒకే వరండాలో ముప్పై ఏండ్లు కాపురమున్న వారు కళ్యాణ్‌కు, డోంబివలికి, విరార్‌కు చెదిరిపోయారు. ఆ కుడిచేయి ఇచ్చిన నలుబది మంది ఇంకొక పదేండ్లకు ఎక్కడ ఉంటారు?

మిల్లువారి సంగతి చూడండి. 1982 జనవరి 18న మొదలైన సమ్మె తరువాత మిల్లులు ఒక్కొక్కటి మూతపడినవి. ఆ కార్మికులకు ఇళ్ళ కొరకు మ్హాడా వారు 2012లోను, 2016లోను, 2020లోను లాటరీలు తీశారు. మిల్లులో పనిచేసినట్లు టికెట్టు, పి.ఎఫ్. కాగితము, ఇ.ఎస్.ఐ. కార్డు వంటిది చూపవలెను. కార్మికుడు చనిపోయి ఉంటే వారసులు తమ సంబంధమును కూడా చూపవలెను. మాళ మీది ట్రంకు పెట్టెలో ఆ కాగితములు తడిసిపోయిన ఇండ్లు ఎన్నో. సంఘ రిజిస్టరును మిల్లు రుజువుగా ఎవరూ తీసుకోరు. కాని తాత ఏ తేదీన నిద్రించాడో, అమ్మమ్మ అసలు పేరు ఏమిటో తెలిస్తే మునిసిపాలిటీలో మరణ పత్రము వెదకడము సులువవుతుంది. అటువంటి వారు ఆదివారము మధ్యాహ్నము మన వాకిట నిలిచి అడిగినప్పుడు, డిస్కు పోయినదండీ అని చెప్పుట పాపమేనని నేనంటాను. ఒంగోలు దగ్గర 1878 జూలై 3న ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరని మనము నేటికీ చెప్పుకొంటున్నామంటే, ఆనాడు ఎవరో లెక్క వ్రాసిపెట్టినందుననే గదా.

పోయిన డిస్కును ఏమి చేయవలెనన్నది చాలామంది తలచని సంగతి. పనికిరాదని భంగారువానికి ఇచ్చివేస్తారు. అది చోర్ బజారుకో కుర్లాకో చేరుతుంది. కంప్యూటరులో ఫైలును తీసివేయుట పలక తుడిచినట్లు కనిపిస్తుంది గాని అట్లు కాదు. పుస్తకములోని విషయసూచిక చింపివేసి పుటలను విడిచిపెట్టినట్లు. ఆ చోట వేరొకటి వ్రాసేవరకు పాతది అట్లే ఉంటుంది, తెలిసినవాడు చదువగలడు. చెడిపోయిన డిస్కును కూడ డబ్బు పెడితే చదివించేవారున్నారు. మన రిజిస్టరులో ఎవరి అప్పు ఎంత, ఎవరి ఇంట ఏ కలహము, ఎవరు ఏ నాడు బాప్తిస్మము పొందారు అన్నీ ఉన్నవి. 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తర్వు మూలముగా మన జనములో ఎందరికో బాప్తిస్మపు తేదీ అనేది బడి ఫీజుతో, ఉద్యోగముతో ముడిపడిన సంగతి అయిపోయినది. ఆ చిక్కు న్యాయమో అన్యాయమో వేరే చర్చ. దానిని గురించి నా అభిప్రాయము చాలామందికి తెలుసు. కాని ఎవరి రహస్యమును వారి అనుమతి లేకుండా భంగారు బుట్టలో వేయుటకు సంఘమునకు అధికారము లేదు. పాత డిస్కును విప్పించి, పళ్ళెములు పగులగొట్టించవలెను. సండే స్కూలు పిల్లలకు సుత్తి ఇస్తే ఈ పనికి మాత్రం పిలువకుండానే వస్తారు.

క్రమశిక్షణ సంగతులను కంప్యూటరులో వ్రాయవలెనా అని నన్ను అడిగారు. తీర్మానము తేదీ, తిరిగి చేర్చుకొన్న తేదీ, ఈ రెండూ ఒకే వరుసలో, కాగితపు రిజిస్టరులో వ్రాయండి, కారణము ఎక్కడా వ్రాయవద్దు అని చెప్పాను. కారణము తెలియవలసిన వారికి ఆ రోజు తెలుసు. తరువాతి వారికి దానితో పని లేదు. కొందరు పెద్దలు దీనికి ఒప్పుకోలేదు. కారణము లేని తీర్మానము రేపు పక్షపాతమునకు దారి తీస్తుందని వారి భయము. ఆ భయములో కొంత నిజమున్నది. అయినా రెంటిలో ఏది ఎక్కువ హాని చేస్తుందంటే, నేను చూచినంతలో, వ్రాసిపెట్టిన కారణమే.

ఇందుకు ఒక చిన్న సంగతి చెబుతాను. వేరొక సంఘములో, కళ్యాణ్‌లో కాపురముంటున్న ఒక అబ్బాయి తన తాతగారి బాప్తిస్మపు తేదీ కొరకు వచ్చాడు. అది కంప్యూటరుకు ముందు కాలపు పుస్తకము, అట్టకు చెదలు పట్టినది. కాపరిగారు ఆ పుట తీయగానే తాతగారి పేరుకు ఎదురుగా 1968 తేదీతో క్రమశిక్షణ అని ఎర్రసిరాలో కనిపించినది. ఆయన ఒక్క క్షణము పుటను చేత్తో మూయబోయారు. అంతలో దాని కిందనే వేరొకరి దస్తూరిలో, 1970 తేదీతో, తిరిగి చేర్చుకొనబడెను అని చూచి, పుస్తకమును ఆ అబ్బాయి వైపు తిప్పి ఇచ్చారు. అబ్బాయి చదివి, నవ్వి, తాత ఏమి చేశాడండీ అని అడిగాడు. పక్కనున్న పెద్దలను అడిగారు. ఎవరికీ తెలియదు. బాప్తిస్మపు తేదీ వ్రాసుకొని, ఆ రెండు వరుసలను కూడ ఫోనులో ఫోటో తీసుకొని, అబ్బాయి దాదర్‌లో ఫాస్ట్ లోకల్ ఎక్కడానికి వెళ్ళిపోయాడు.